పచ్చ గుర్తు పడినా ఆగు

కర్నూలు, బుధవారపేట
మార్చి నెల

చిరంజీవి నాగజ్యోతికి,

ప్రకటన. కర్నూలు బుధవారపేటలో, మా ఇంటి అరుగు మీద, నేనొక్కడినే హాజరై, నేనే అధ్యక్షత వహించిన మహాసభ కింది సంగతులను ఏకగ్రీవంగా ఖరారు చేసింది. బొరుగుల ఉగ్గానికి మిరపకాయ బజ్జీ జత చేయకుండా వడ్డించే హోటళ్ళను ఈ సభ తీవ్రంగా గర్హిస్తోంది. నా ఎడమకాలి చెప్పును ఎత్తుకుపోయిన కుక్కకు కుడికాలి చెప్పు కూడా దానమిచ్చేయడమా, లేక కొట్లాడి మొదటిది తెచ్చుకోవడమా అన్న అంశం మీద వాదోపవాదాలు ముదిరి, వచ్చే సభకు వాయిదా పడింది. మోగినా ఎత్తని మేనకోడళ్ళకు ఇకమీదట ఫోను చేయరాదని, ఉత్తరమే రాయాలని తీర్మానించడమైనది. ఎందుకంటే ఉత్తరానికి ఎర్ర మీట ఉండదు. చించవచ్చు గానీ, మా అక్క కూతురు చదవకుండా చించే రకం కాదు.

సభ ముగిసింది. ఇక సంగతులు.

నువ్వు కడపకు వెళ్ళిపోయాక ల్యాబులో నీ కుర్చీ ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళూ సీసాలు కడిగి, నేల తుడిచి, శాంపుళ్ళు మోసిన ఈ ఓబుళేశుకు ఇప్పుడు పదోన్నతి వచ్చింది. పదో తరగతి గట్టెక్కలేనోడి ముక్కు మీద ఆ అద్దాలు పెట్టారు. అవేమిటో నీకు చెప్పక్కర్లేదు గానీ, మీ అమ్మకు చదివి వినిపిస్తావని రాస్తున్నాను. అక్కా, అవి మామూలు కళ్ళజోడులాగే ఉంటాయి. పెట్టుకుంటే ఎదురుగా గాలిలో బాణాలు కనిపిస్తాయి. ఈ ట్యూబు తియ్యి, ఈ మందు కలుపు, ఆ మిషన్లో పెట్టు అని చెవిలో చెబుతాయి. చేసింది సరైతే పచ్చ గుర్తు, తప్పయితే ఎర్ర గుర్తు. మొన్న అవి పెట్టుకునే టీ తాగబోతే, ఆ గ్లాసును, ట్యూబులను గిరగిరా తిప్పే మిషన్లో పెట్టమని బాణం చూపించాయి. బెంగుళూరు నుంచి వచ్చి వీటిని బిగించిన ఇంజినీరు భూపేష్‌ను అడిగాను, "ఏమప్పా, నా టీకి ఏం రోగముందని పరీక్ష?" అని. ఆయన నవ్వలేదు. కంప్యూటర్లో ఏదో రాసుకున్నాడు.

మన ల్యాబు డాక్టరమ్మ లక్ష్మీప్రియ మేడమ్ హాజరు పట్టీలోంచి నీ పేరు తీసేయలేదు. నీ తెల్లకోటు వంకెకు అట్లే వేలాడుతోంది. దాని జేబులో నీ పెన్ను కూడా ఉంది. పెన్ను మాత్రం నేను వాడుకుంటున్నాను.

ఒక్క ముక్క రాయి.

నీ మామ,
ఓబుళేశు


కడప, చిన్నచౌకు
మార్చి నెలాఖరు

మామకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. అద్దాల మాట వచ్చిన చోట నా నోరు ఆగిపోయింది.

చెప్పు గురించి రాశావు, బజ్జీ గురించి రాశావు. ఒక్క మనిషి గురించి రాయలేదు. అందుకని నేనే రాస్తున్నాను. ఇంతవరకు ఎవరికీ వరుసగా చెప్పలేదు.

ఆ రోజు హాలు నిండా జనం. కోసిగి నుంచి ఒకే ఆటోలో వచ్చిన ఆడవాళ్ళు గోడవారగా కూర్చున్నారు. నేను అద్దాలు పెట్టుకుని, చేతిలో స్లిప్పు పట్టుకుని, "ఉరుకుందమ్మా, కోసిగి" అని పిలిచాను. ఇద్దరు లేచారు. ఒకామె పెద్దది, ఇంకొకామె చిన్నది, కడుపుతో ఉంది. ఆ స్లిప్పు చిన్నామెది. కానీ పెద్దామె లేచేసరికి, పెద్దవాళ్ళ కంటే ముందు తాను పోకూడదని చిన్నామె మళ్ళీ కూర్చుండిపోయిందట. పెద్దామె వచ్చి చెయ్యి చాపింది. నేను సూది గుచ్చాను. అద్దాలు ట్యూబు మీది స్టిక్కరును చూశాయి, స్లిప్పును చూశాయి, రెండూ కలిశాయని పచ్చ గుర్తు చూపించాయి. చేతి వెనక ఉన్న మనిషిని అవి చూడలేదు. నేనూ చూడలేదు. తర్వాత చిన్నామె రక్తం పెద్దామె స్లిప్పు మీద పోయింది.

కోసిగి పక్క ఉరుకుంద స్వామి పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు. మన వైపు ఇంటికొక ఓబుళేశు ఉన్నట్టే. మన బజారులో నీ పేరు పెట్టి పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో నాకు తెలుసు. తెలిసి కూడా అడగలేదు. అద్దాలు రాకముందు మొగుడి పేరు, వీధి పేరు అడిగేదాన్ని. వచ్చాక మానేశాను.

పెద్దామెకు ఒంట్లో రక్తం లేదని రిపోర్టు పోయింది. డాక్టరు అనుమానపడి మళ్ళీ పరీక్ష చేయించేదాకా ఎవరికీ తెలియలేదు. అప్పటికే చిన్నామె, తనకు రక్తం బాగుందని రాసిన కాగితం పట్టుకుని, గుంటూరు పక్కకు మిరపకాయలు కోయడానికి వలస పోయింది. ఆమె ఇచ్చిన ఫోను నంబరు కూలీలను తీసుకుపోయిన మేస్త్రీది. అతను ఎత్తలేదు. చేలో పడిపోయిందని మాత్రం విన్నాను. ఆ తర్వాత నేను అక్కడ ఉండలేకపోయాను.

ఆమెకు ఏమైంది? నీకు తెలుసు. అది రాయకుండా ఇంకేదీ రాయొద్దు.

నాగజ్యోతి


కర్నూలు, బుధవారపేట
ఏప్రిల్ నెల

జ్యోతీ,

ఆమె బాగానే ఉందని విన్నాను. ఊరికి వచ్చేసిందట. అంతకంటే వివరాలు తెలియవు.

ఈడ ఎండలు మాడుస్తున్నాయి. నిన్న పనుండి పత్తికొండ పోయాను. టమాటా మార్కెట్టు చూడాల్సిందే నువ్వు. ఎర్రగా, బిగువుగా, ఒక్కోటి కొత్త పెళ్ళికూతురు బుగ్గలా ఉన్నాయి. కొన్ని బుట్టల్లో తొడిమలు కూడా వాడలేదు. అయినా కొనేవాడు లేక పాపం రైతులు బుట్టల పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకున్నారు. ఒకాయన, "ఓబులేసన్నా, ఊరికే ఇస్తా, తీసకపో" అన్నాడు. ఊరికే ఇస్తే రెండు బుట్టలు కావాలన్నాను. తిట్టాడు. టమాటా పచ్చడికి ఇదే మంచి అదను, మీ అమ్మతో చెప్పు.

ఓబుళేశు


కడప
ఏప్రిల్ నెల

మామా,

నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు టమాటాల గురించి రాస్తావు. చిన్నప్పుడు నా కుక్కపిల్ల చచ్చిపోయిన రోజు కూడా టమాటా తోటలో ఆడుకుంటోందని చెప్పావు.

ఆమె కడుపుతో ఉంది. ఆ సంగతి చెప్పు.

నాగజ్యోతి


కర్నూలు, బుధవారపేట
ఏప్రిల్ నెలాఖరు

చిరంజీవి జ్యోతికి,

ఈ ఉత్తరంలో నవ్వులాట లేదు. మీ అమ్మ పక్కన ఉన్నప్పుడు చదువు.

బిడ్డ దక్కలేదు. చేలో పడిపోయినప్పుడే అయిపోయింది. ఆమె ప్రాణం మాత్రం నిలబెట్టారు.

లక్ష్మీప్రియ మేడమ్, నేను కోసిగి వెళ్ళి వచ్చాం. నీకు చెప్పకుండా వెళ్ళాం. ఆ వీధిలో సగం ఇళ్ళకు తాళాలే, అందరూ ఇంకా వలసలోనే ఉన్నారు. ఆమె మామ గిడ్డయ్య మంచం వాల్చాడు. మేడమ్ కూర్చోకుండానే చెప్పింది, రిపోర్టులు తారుమారయ్యాయని, తప్పు మా ల్యాబుదేనని. గిడ్డయ్య మంచం మీది దుప్పటి సర్దాడు. తర్వాత, "తప్పు మీదే అని సెప్పడానికి ఇంత దూరం వచ్చినారా అమ్మా? కూకోండి" అన్నాడు. మేడమ్ కూర్చున్నాక నా వైపు తిరిగాడు. "ఈడ ఉరుకుందమ్మా అని పిలిస్తే ఈదంతా లేస్తాది. ఆ సంగతి మీ అద్దాలకు ఎవురూ సెప్పలేదా అప్పా?"

నేను మొగం గడప వైపు తిప్పుకున్నాను.

ఉరుకుందమ్మ గడపలో కూర్చుని గోనెసంచి కుట్టుకుంటోంది. మళ్ళీ వలసకు పోయేటప్పుడు గిన్నెలు పెట్టుకోవడానికి. మాకు నీళ్ళు ఇచ్చింది. తిట్టలేదు. తిడుతుందేమో, తిడితే తల వంచుకుందామని పోయినవాణ్ణి. మేము లేచేటప్పుడు ఒకే మాట అంది. "ఆయమ్మ నా మొగం సూళ్ళేదన్నా. సూసింటే నేను లేసి మళ్ళా కూకునింది కనపడుండును."

అది నీకు రాయకుండా ఉండొచ్చు. కానీ నువ్వు అడిగావు. ఆమె అన్నది అన్నట్టు రాశాను.

ఓబుళేశు


కడప, చిన్నచౌకు
మే నెల

మామకు,

ఉత్తరం అందింది. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

అమ్మకు బీపీ మాత్ర ఇవ్వాలంటే అట్ట మీద పేరు చదువుతున్నాను, మళ్ళీ చదువుతున్నాను. చివరికి అట్ట అమ్మ చేతిలో పెట్టి నువ్వే తీసుకో అంటున్నాను. అమ్మకు చదువు రాదు. ఆమె రంగు చూసి తీసుకుంటుంది. నాకంటే అదే నయం.

ఇక్కడ బజారులో చీరల అంగడిలో పనికి అడిగాను. రమ్మన్నారు. చీర తప్పు చూపిస్తే ఎవరికీ ఏమీ కాదు.

దీంతో పాటు మేడమ్‌కు నా రాజీనామా పంపుతున్నాను. నువ్వే చేతికివ్వు. కోటు ఎవరికైనా ఇచ్చేయండి. శిల్ప అని కొత్తమ్మాయి చేరిందని విన్నాను. ఆమెకు సరిపోతుంది.

ఇంకెప్పుడూ సూది పట్టుకోను. ఇది కోపంతో రాయడం లేదు.

నాగజ్యోతి


కర్నూలు, బుధవారపేట
మే నెలాఖరు

రాజీనామా పంపిన మహారాణి గారికి,

తమరి కాగితం మేడమ్‌కు చేరలేదు. దారిలో ఉగ్గాని కట్టించుకుంటే హోటలువాడు కాగితాలు అయిపోయాయన్నాడు. నా జేబులో ఇదొకటే ఉంది. బజ్జీల నూనె పట్టి అక్షరాలు కనిపించడం లేదు. కావాలంటే ఇంకొకటి రాసుకో. హోటలువాడు రోజూ ఉంటాడు.

ఇప్పుడు నా గోడు విను. నేను మునిగిపోతున్నాను పాపా. గాలిలో వచ్చే అక్షరాలు సగం ఇంగ్లీషు. చెవిలో చెప్పే గొంతు మన మాట మాట్లాడదు. శిల్ప కొత్తది, ఆమెకు చెయ్యి తీరిక ఉండదు. నా చేతిలో ఎవరికి ఏమవుతుందో అని నాకు అన్నం సయించడం లేదు.

భూపేష్ ఒక దారి చెప్పాడు. అద్దాలు పెట్టుకున్నవాడు చూసేదంతా దూరాన ఉన్న ఇంకొకరి ఫోనులో కనిపిస్తుందట. వాళ్ళు ఫోను మీద వేలితో సున్నా చుడితే, ఆ సున్నా నా కళ్ళ ముందు ట్యూబు చుట్టూ పడుతుందట. నేర్చుకునేవాళ్ళకు అట్లా పక్కన ఒకరు ఉండొచ్చని మేడమ్ ఒప్పుకుంది. కానీ ల్యాబు మనిషే అయి ఉండాలంది. నీ పేరు ఇంకా హాజరు పట్టీలోనే ఉంది, బజ్జీల పుణ్యమా అని. నువ్వు సూది పట్టుకోవద్దు. ట్యూబు ముట్టుకోవద్దు. కడపలో మీ అమ్మ పక్కనే కూర్చుని నా కళ్ళ వెనక నుంచి చూడు. అంతే.

ఒక నియమం మాత్రం ఉంది. హాల్లోకి పోయేటప్పుడు అద్దాలు తీసేయాలి. వచ్చిన జనం మొగాలు ఫోన్లలో పడకూడదని మేడమ్ గట్టిగా చెప్పింది.

ఒక్క వారం చూడు. నచ్చకపోతే చీరలు అమ్ముకో. మొదటి చీర నేనే కొంటాను, మీ అత్తకు. ఆమెకు రంగు నచ్చదు, తిరిగి ఇచ్చేస్తాను.

నీ మామ,
ఓబుళేశు


కడప, చిన్నచౌకు
జూన్ నెల

మామా,

నీ బల్ల అంత గలీజుగా ఉంటుందని తెలిసుంటే ఒప్పుకునేదాన్ని కాదు. శాంపుళ్ళ స్టాండు పక్కన పల్లీల పొట్లం! మొదటిరోజు నేను మాట్లాడకుండా ఊరికే చూద్దామనుకున్నాను. నువ్వు మందు బదులు ఉత్త నీళ్ళ సీసా ఎత్తావు. నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది, "ఏం చేస్తాండావు మామా, అది నీళ్ళు!" అని. "నాకేం తెలుసు పాపా, రెండూ తెల్లగానే ఉండాయి" అన్నావు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి నవ్వింది. మా ఇంట్లో ఎవరైనా నవ్వి చాలా రోజులైంది.

అవన్నీ నీకు తెలిసినవే. ఇవాళ జరిగింది కూడా తెలుసు. అయినా నా పక్క నుంచి ఎట్లా ఉండిందో రాయాలనిపించింది.

నీ కళ్ళ ముందు స్లిప్పు. ఉరుకుందమ్మ, కోసిగి. నీ చేతిలో ట్యూబు. ఉరుకుందమ్మ, కోసిగి. పచ్చ గుర్తు పడింది. నువ్వు మిషన్ వైపు తిరిగావు. అప్పుడు స్టాండులో వెనక వరుసలో ఇంకొక ట్యూబు కనిపించింది. దాని మీద కూడా అదే పేరు, అదే ఊరు. నా వేలు ఎప్పుడు కదిలిందో తెలియదు. నీ ముందు ఎర్ర సున్నా పడింది.

"ఆగు!"

"పచ్చ పడిందిలే పాపా."

"పచ్చ పడినా ఆగు. ఇది ఎవరు తీసినారు?"

"శిల్ప."

"ఏ ఉరుకుందమ్మకు తీసిందో నీకు తెలుసా?"

"ఉరుకుందమ్మంటే ఉరుకుందమ్మే గదా."

"లేచి పో మామా. ఇద్దరినీ వేరేవేరేగా పిలువు. పేరు నువ్వు చెప్పొద్దు, వాళ్ళ నోటితో చెప్పించు. మొగుని పేరు అడుగు, ఈది పేరు అడుగు. మొగం చూసి అడుగు."

నువ్వు అద్దాలు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళావు. నా ఫోనులో పైకప్పు, తిరిగే ఫ్యాను మాత్రమే కనిపించాయి. ఆ ఫ్యానును చూస్తూ కూర్చున్నాను. అమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. నువ్వు తిరిగొచ్చి, "తారుమారైనాది పాపా. నువ్వు చెప్పిందే నిజం. చిన్నామె కూకుంటే పెద్దామె వచ్చిందంట" అన్నావు. నీ మొగం నాకు కనిపించదు గదా. చేతులు మాత్రం కనిపించాయి. వణుకుతున్నాయి. నువ్వు కూడా భయపడ్డావని అర్థమైంది. నీ మోచేతి మడతలో దూదిముక్క అంటించి ఉంది, ఏమైందని అడగాలనుకుని మర్చిపోయాను.

శిల్పను తిట్టొద్దు. నేను వచ్చి నేర్పిస్తానేమో. ఏమో.

ఆ చిన్నామె ఎట్లా ఉంది? వెంటనే రాయి.

జ్యోతి


కర్నూలు, బుధవారపేట
జూన్ నెలాఖరు

చిరంజీవి జ్యోతికి,

ఆ చిన్నామె బాగుంది. మళ్ళీ తీసి చూస్తే ఒంట్లో రక్తం అడుగంటిపోయిందని తేలింది. వెంటనే పెద్దాసుపత్రిలో చేర్చారు, రక్తం ఎక్కించారు. ఇప్పుడు తల్లీ, కడుపులో బిడ్డా ఇద్దరూ కులాసా. వలసకు పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట, పోనని ఒప్పుకుందట.

ఆమె పుట్టిల్లు పత్తికొండ పక్కన. వాళ్ళ నాయన నాకు బుట్టెడు టమాటాలు పంపాడు. ఏం టమాటాలు జ్యోతీ! ఎర్రగా, బిగువుగా, వేలితో మీటితే మోగేట్టు ఉన్నాయి. తొడిమలు కూడా వాడలేదు. మీ అత్త సగం పచ్చడి చేసింది, సగం పప్పులో వేసింది. "అద్దాల్లో మాట్లాడిన ఆ పాపకు మా దండాలు చెప్పప్పా" అన్నాడు ఆ పెద్దమనిషి. చెబుతున్నాను.

ఓబుళేశు


కడప, చిన్నచౌకు
జులై నెల

మామా,

సోమవారం ల్యాబుకు వస్తున్నాను. మేడమ్‌తో ఫోనులో మాట్లాడాను. ఆవిడ ఏమీ అడగలేదు, "కోటు ఉతికించి పెడతా" అంది. చీరల అంగడివాళ్ళకు చెప్పేశాను. నా పెన్ను వెతికి పెట్టు.

కానీ ముందు కోసిగి పోతాను. శనివారం పొద్దున్నే కర్నూలులో దిగి, అటునుంచి అటే బస్సు ఎక్కుతాను. నువ్వు రావద్దు. ఆ గడపలోకి నేనొక్కదాన్నే పోవాలి.

ఇన్నాళ్ళు ఎందుకు పోలేదో తెలుసా? ఏ మాట పట్టుకుని పోవాలో తెలియక. తప్పు నాదే అని చెబితే ఆమె ఏం చేసుకుంటుంది? ఇప్పుడు ఒక మాట దొరికింది. ఆమె చేతులు పట్టుకుని చెబుతాను, "నీకు జరిగింది నా కళ్ళలో ఉండబట్టే ఇంకొక ఉరుకుందమ్మను కాపాడగలిగినా. ఆమె బిడ్డ కడుపులో చల్లగా ఉండాది. నీ బిడ్డ ఊరికే పోలేదు" అని. ఈ ఒక్క మాట ఆమెకు అప్పజెప్పాకే నేను ఆ కోటు తొడుక్కుంటాను.

రాత్రి అమ్మకు మాత్ర నేనే ఇచ్చాను. ఒక్కసారే చదివాను.

జ్యోతి


కర్నూలు, బుధవారపేట
జులై, శుక్రవారం

చిరంజీవి జ్యోతికి,

పోస్టులో వేస్తే ఇది నీకు అందేలోపు నువ్వు కోసిగి గడపలో ఉంటావు. అందుకని కడప బస్సు కండక్టరు దావీదురాజు చేతికి ఇస్తున్నాను. ఇంటికి తెచ్చి నీ చేతికే ఇస్తానని ఒప్పుకున్నాడు. ఫోను చేయవచ్చు. పొద్దుటి నుంచి ఫోను పట్టుకునే కూర్చున్నాను. నీ గొంతు వింటే నేను మళ్ళీ ఏదో ఒక అబద్ధం ఆడతాను. నా సంగతి నాకు తెలుసు.

ఈసారి తీర్మానాలు లేవు. సభ లేదు.

నువ్వు కోసిగి పో. తప్పకుండా పో. ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె మొగం చూడు, నీ మొగం ఆమెను చూడనియ్యి. ఆమె ఏమంటుందో నాకు తెలియదు. ఏమీ అనకపోవచ్చు, నీళ్ళిచ్చి పంపవచ్చు. ఆ గోనెసంచి ఇంకా కుడుతూ ఉండవచ్చు. ఆమె కుడుతున్నంతసేపూ కూర్చో. కానీ నువ్వు అనుకున్న ఆ మాట మాత్రం ఆ ఇంట్లో చెప్పొద్దు. నీ బిడ్డ ఊరికే పోలేదు అని ఆ తల్లికి చెప్పే హక్కు నీకు లేదు, నాకు లేదు. ఉందనుకున్నా, చెప్పడానికి వీలు లేదు. ఎందుకో చివరన రాస్తాను. ముందే రాస్తే నువ్వు మిగతాది చదవకుండా చించుతావు. ఈసారి చించే రకమే అవుతావు.

మేడమ్‌కు నిన్న అంతా చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు, ఒక డాక్టరమ్మకు అన్ని తిట్లు వచ్చని నేను అనుకోలేదు. నేర్చుకునేవాళ్ళ బల్ల మీద ఇట్లాంటి నాటకమా అంది. అద్దాలు నా ముక్కు మీది నుంచి తీసేసుకుంది. మళ్ళీ సీసాలు కడుగుతున్నాను, నాకు అదే హాయిగా ఉంది. తిట్టడం అయ్యాక, "జ్యోతికి నువ్వే చెప్పు. చెప్పాక కూడా ఆమె వస్తానంటే సోమవారం కుర్చీ ఆమెదే" అంది. కోటు ఉతికి వచ్చింది. వంకెకు ఉంది. పెన్ను జేబులో పెట్టాను.

నీ రాజీనామా చూశాక నాకు వేరే దారి తోచలేదు పాపా. నీతో "తప్పు మరిచిపో" అని చెప్పే నోరు నాకు లేదు, కోసిగి పోయి వచ్చినవాణ్ణి. ఆ ఒక్క చోట నువ్వు ఒక్కసారి ఆగితే చాలు, తర్వాత నీ చెయ్యి నీకు తిరిగి వస్తుందని అనుకున్నాను. టమాటాల గురించి రాసేటప్పుడు కలం ఆగింది. పట్టుకుంటావనుకున్నాను. పట్టుకోవాలని కూడా సగం అనుకున్నాను. నువ్వు పట్టుకోలేదు. అప్పుడే నాకు భయమేసింది.

నా చేతులు వణికాయని రాశావు. అది భయం కాదు. దూదిముక్క గురించి అడగడం మర్చిపోయానన్నావు. ఆ పొద్దున శిల్ప నా చేతికే సూది గుచ్చింది. ఎందుకన్నా రెండు ట్యూబులు అని అడిగింది, షుగరు ఒకదానికి, కొవ్వు ఒకదానికి అని చెప్పాను. స్టిక్కర్లు నేనే రాసి అంటించాను. నువ్వు ఫ్యానును చూస్తూ కూర్చున్నప్పుడు నేను పోయిన హాల్లో ఎవరూ లేరు. నీళ్ళ క్యాన్ దగ్గర నిలబడి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, నీకు ఏం చెప్పాలో నోట్లో ఒకసారి అనుకుని తిరిగొచ్చాను.

రెండో ఉరుకుందమ్మ లేదు జ్యోతీ. ఆ రెండు ట్యూబుల్లోనూ ఉన్నది నా నెత్తురే.

ఓబుళేశు